ఎముకల పేర్లన్నీ వచ్చాయి, బొమ్మ మాత్రం బిగుసుకుపోయింది

ప్రశ్న: మాస్టారూ, నాలుగేళ్లుగా సొంతంగా బొమ్మలు వేస్తున్నాను. ముఖాలు బాగానే వస్తాయి, ఎవరి ముఖమో చూసినవాళ్లు గుర్తుపడతారు కూడా. మెడ కిందికి దిగితే మాత్రం అంతా రబ్బరే. చెయ్యి ఎక్కడ మొదలవుతుందో, నడుము ఎక్కడ మడత పడుతుందో నాకే తెలియకుండా గీస్తుంటాను. అనాటమీ రాకపోవడమే కారణమని అందరూ అంటే ఆరు నెలలుగా అస్థిపంజరం మీదే కూర్చున్నాను. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి చూడకుండా వేయగలను. ఎముకల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఇప్పుడు నా బొమ్మలు ఇదివరకటి కంటే బిగుసుకుపోయాయి, షాపు అద్దాల వెనక బట్టలు తొడిగి నిలబెట్టే బొమ్మల్లా ఉన్నాయి. ఆరు నెలలూ వృథాయేనా? కండరాలకు వెళ్లిపోనా? లేక ఈ గొడవంతా వదిలేసి కనిపించింది కనిపించినట్టు వేసుకోనా?

సమాధానం:

కండరాలకు ఇప్పుడే వెళ్లకండి. అనాటమీని వదిలేయనూ వద్దు. మీ ఆరు నెలలు వృథా కాలేదు, కాకపోతే సగం పని చేసి మొత్తం అయిపోయిందనుకున్నారు.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి వేయగలను" అన్నారు చూడండి, అదీ. అంటే మీకు మూడు బొమ్మలు కంఠతా వచ్చాయి. ఒక వస్తువు తెలియడం వేరు, ఆ వస్తువు ఫొటోలు మూడు గుర్తుండటం వేరు. నా మాట మీద నమ్మకం లేకపోతే చిన్న పరీక్ష పెట్టుకోండి. పుస్తకం మూసేయండి. ఒక మనిషి కుర్చీలో ఒక కాలు కిందికి వదిలి, రెండో కాలు మడిచి పైన పెట్టుకుని, ఆ మోకాలి మీద మోచేయి ఆనించి కూర్చున్నాడనుకోండి. గది పైకప్పు మూల నుంచి చూస్తే అతని అస్థిపంజరం ఎలా కనిపిస్తుందో వేయండి. పక్కటెముకల గూడు పైనుంచి ఏ ఆకారంలో ఉంటుంది, కాలర్ బోన్ ఎటు వంపు తిరుగుతుంది, కటి ఎముక గిన్నెలోకి మన చూపు పోతుందా లేదా, ఇలా ఒక్కో చోటికి వచ్చేసరికి ఎక్కడ పెన్సిల్ ఆగిపోతే అక్కడ మీకు రాదన్నమాట. చాలామందికి రెండో నిమిషంలోనే ఆగిపోతుంది, కంగారు పడకండి, నాకూ అలాగే ఆగింది.

పుస్తకాల్లో అస్థిపంజరం ఎలా నిలబడి ఉంటుంది? రెండు కాళ్ల మీదా సమానంగా, చేతులు కిందికి వదిలి, అరచేతులు మనవైపు తిప్పి. వైద్యం చదివేవాళ్లకు అదే కావాలి, ఏది లోపలి వైపు ఏది బయటి వైపు అన్నది అందరూ ఒకేలా చెప్పుకోవాలి కాబట్టి. కానీ ప్రాణమున్న మనిషెవరూ అలా నిలబడరు. స్టాండుకు తగిలించిన ప్లాస్టిక్ అస్థిపంజరమైతే ఇంకా అన్యాయం, అది నిలబడటం కూడా కాదు, వేలాడుతోంది. పాదాల మీద బరువే లేదు. బరువు లేనిదాన్ని చూసి చూసి నేర్చుకుంటే మన బొమ్మకు మాత్రం బరువు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ సంగతి పాతవాళ్లకు తెలుసు. 1543లో ఆండ్రియాస్ వెసాలియస్ అచ్చు వేయించిన శరీర నిర్మాణ గ్రంథంలో ఒక అస్థిపంజరం పార మీద చెయ్యి వేసి ముఖం పైకెత్తి నిలబడుతుంది, ఇంకొకటి రాతి దిమ్మె మీద మోచేయి ఆనించి ఎదురుగా పుర్రె పెట్టుకుని ఆలోచిస్తూ ఉంటుంది. చర్మం లేకపోయినా ఆ రెండూ మనుషుల్లా ఉంటాయి, ఎందుకంటే బరువు దేని మీద పడుతోందో కనిపిస్తుంది.

ఇక లెక్క. 206 ఎముకలంటే భయం వేస్తుంది గానీ, అందులో సగానికి పైగా చేతుల్లోనూ పాదాల్లోనే ఉన్నాయి. ఒక్కో చేతిలో మణికట్టుతో కలిపి 27, ఒక్కో పాదంలో 26, అన్నీ కలిపితే 106. పుర్రెలో 22 ఉన్నా బొమ్మ వేసేవాడికి అవి రెండే, పుర్రె ఒకటి, కింది దవడ ఒకటి, ఎందుకంటే కదిలేది దవడ ఒక్కటే. మణికట్టులోని 8 చిన్న ఎముకలూ మనకు ఒకే ముద్ద, అరచేతి వైపు కాస్త గుంట పడిన ముద్ద, అంతే. మీరు వాటికి ఒక్కోదానికీ పేరు చెప్పగలరని రాశారు. మంచిదే, క్విజ్‌లో పనికొస్తుంది.

నిజంగా తెలియాల్సినవి ముందు మూడు పెట్టెలు. పుర్రె, పక్కటెముకల గూడు, కటి. ఇవి వంగవు. ఊపిరి పీల్చినప్పుడు గూడు కొంచెం విప్పారుతుంది, అంతకు మించి పెద్దగా ఏమీ లేదు (మెలి తిరగడం వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను). ఈ మూడింటి మధ్యలో వంగే చోట్లు రెండే, మెడ, నడుము. మీ పాత బొమ్మలు రబ్బరులా ఎందుకున్నాయంటే వంగని చోట కూడా వంచారు, మెడ నుంచి తొడ దాకా మొండెం మొత్తాన్ని ఒకే గొట్టంలా వంపు తిప్పారు. ఇప్పటి బొమ్మలు ఎందుకు బిగుసుకుపోయాయంటే మూడు పెట్టెల్నీ ఒకదాని మీద ఒకటి తిన్నగా పేర్చి ఊరుకున్నారు. రెండూ ఒకే తప్పుకు రెండు చివరలు.

తిన్నగా నిలబడినప్పుడు కూడా అవి తిన్నగా ఉండవు, ఇది పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది. పక్కటెముకల గూడు పైభాగం వెనక్కి వాలి ఉంటుంది, అందుకే రొమ్ము ఎముక నిట్టనిలువుగా కాకుండా కిందికి వచ్చేకొద్దీ ముందుకు జరుగుతుంది. కటి దానికి ఎదురు, ముందుకు వాలుతుంది. రెండింటికీ నడుమ నడుము లోపలికి వంపు తిరుగుతుంది. మెడ కూడా భుజాల మీద కర్ర పాతినట్టు ఉండదు, గూడు పైకప్పు వెనక ఎత్తుగా ముందు పల్లంగా ఉంటుంది కాబట్టి మెడ వెనక నుంచి మొదలై ముందుకు వస్తుంది. వెనక మెడ కింద చేతికి తగిలే గట్టి బుడిపె, ముందు గొంతు గుంట, ఈ రెండింటినీ ఒక గీతతో కలిపి చూడండి, ఎంత వాలుందో తెలుస్తుంది. ముఖాలు బాగా వేసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, తల బ్రహ్మాండంగా వేసి దాన్ని స్తంభం మీద పెడతారు.

లేచి నిలబడండి. ఒక చేతి వేళ్లు పక్కన కింది పక్కటెముక అంచు మీద పెట్టండి, అదే వైపు తుంటి ఎముక పై అంచు మీద రెండో చెయ్యి. మధ్యలో ఖాళీ ఎంతుంది? చాలామందిలో రెండు మూడు వేళ్ల మందమే. ఇప్పుడు ఆ వైపుకే వంగండి. వేళ్లు నలుగుతాయి. రెండు గట్టి పెట్టెలు దగ్గరకొచ్చి మధ్యలో ఉన్న మెత్తని భాగం మడత పడింది, అవతలి వైపు సాగింది. బొమ్మలో జీవం అంటూ మనం గాలిలో చెప్పుకునేదాంట్లో పెద్ద భాగం ఈ ఒక్క చోటే ఉంది, ఒక వైపు మడత, ఒక వైపు సాగుడు. కండరాల పేర్లేవీ తెలియకుండానే ఇది వేసేయొచ్చు.

మెలి తిరగడం సంగతి ఇంకొంచెం వింత. నడుము దగ్గరుండే 5 వెన్నుపూసలు ముందుకూ వెనక్కూ బాగా వంగుతాయి గానీ మెలి తిరగడం చాలా తక్కువ. మనిషి వెనక్కి తిరిగి చూసినప్పుడు మొండెంలోని మెలి ఎక్కువగా పక్కటెముకలు తగులుకున్న 12 వెన్నుపూసల దగ్గరే జరుగుతుంది, ఒక్కోదాని దగ్గర కొంచెం కొంచెం. తల తిరగడంలో దాదాపు సగం మెడలోని మొదటి రెండు పూసల మధ్యే అయిపోతుంది, చిన్నప్పుడు సైన్సు పాఠంలో బొంగరపు కీలు అని చదివామే, అదే అది. కాబట్టి మెలి తిరిగిన మనిషిని వేసేటప్పుడు నడుము దగ్గర తువ్వాలు పిండినట్టు పిండేయకండి.

భుజం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను ఎక్కువ కాలం తప్పు చేసిన చోటు అది. నేర్చుకునే రోజుల్లో నా బొమ్మలు చూసే ఒక పెద్దాయన ప్రతిసారీ "చెయ్యి మొలవలేదు, అతికించావు" అనేవారు. ఎలా సరిచేయాలో మాత్రం చెప్పేవారు కాదు, అడిగితే "చూడు, చూడు" అని వెళ్లిపోయేవారు, ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సుమారు ఏడాది ఇలాగే గడిచింది. ఒకరోజు బీరువా మీద పెట్టె అందుకోవడానికి కుడి చెయ్యి పైకెత్తాను, ఎడమ చేత్తో మెడ దగ్గర గోక్కుంటున్నాను, వేలు గొంతు గుంట పక్కన ఉంది. చెయ్యి లేవగానే వేలి కింద ఎముక కదిలింది. చెయ్యి ఎక్కడో పైన ఉంది, కదిలింది మాత్రం ఛాతీ మధ్యలో. పెట్టె సంగతి మర్చిపోయి అక్కడే నిలబడి పదిసార్లు చెయ్యి ఎత్తి దించాను.

సంగతేమిటంటే చెయ్యి మొండానికి ఎముకతో అతుక్కునేది ఒక్క చోటే, అదీ భుజం దగ్గర కాదు, గొంతు గుంట పక్కన, కాలర్ బోన్ వచ్చి రొమ్ము ఎముకను తాకే చోట. వెనకున్న రెక్క ఎముక పక్కటెముకలకు ఎక్కడా కీలుతో బిగించి ఉండదు, కండరాల మధ్య పట్టు చిక్కించుకుని గూడు మీద జారుతూ ఉంటుంది. అంటే చెయ్యి అన్నది భుజం దగ్గర మొదలుకాదు, ముందు కాలర్ బోన్, వెనక రెక్క ఎముక కలిసి ఒక కొక్కెంలా గూడు చుట్టూ తిరిగి, ఆ కొక్కెం చివర చెయ్యి వేలాడుతుంది. చెయ్యి నిటారుగా పైకెత్తినప్పుడు 180 డిగ్రీల్లో సుమారు 120 మాత్రమే భుజం బంతి గిన్నె కీలు దగ్గర జరుగుతుంది, మిగతా 60 రెక్క ఎముక తిరగడం వల్ల. రెక్క ఎముక కింది మొన బయటికి, చంక వైపుకు ఊగుతుంది, కాలర్ బోన్ బయటి చివర పైకి లేస్తుంది, భుజం చెవి దగ్గరికి వచ్చేస్తుంది. భుజాల్ని ఒకే ఎత్తులో ఉంచేసి చెయ్యి మాత్రం పైకి లేపి గీస్తే ఏమవుతుంది? అతికించినట్టే ఉంటుంది. పెద్దాయన అన్నది అదే.

కాలర్ బోన్ గురించి ఇంకో మాట. ముందు నుంచి అది దాదాపు తిన్నని కడ్డీలా కనిపిస్తుంది కాబట్టి అందరూ రెండు గీతలు గీసి వదిలేస్తారు. పైనుంచి చూస్తే రెండు వంపులుంటాయి, రొమ్ము ఎముక దగ్గర ముందుకు ఉబ్బి, భుజం వైపు వెళ్లేటప్పుడు లోపలికి తిరుగుతుంది, మొత్తం మీద వెనక్కి వాలుతూ పోతుంది. ఆ వంపు బొమ్మలో పెట్టిన రోజు ఛాతీ కాగితం మీద బల్లపరుపుగా ఉండటం మానేస్తుంది. ఎదురుగా ఎవరైనా కూర్చుని ఉంటే, వాళ్ల భుజాలు ముందుకు ముడుచుకున్నప్పుడు కాలర్ బోన్ పైన గుంటలు ఎలా లోతవుతాయో చూడండి (మరీ కన్నార్పకుండా చూడకండి, తిట్లు తినాల్సి వస్తుంది).

ముంజేయి. దీనికి పుస్తకం అక్కర్లేదు, మీ చెయ్యి చాలు. కుడి ముంజేతిని బల్ల మీద అరచెయ్యి పైకి ఉండేలా పెట్టండి. ఎడమ చేతి వేలితో మోచేతి మొన దగ్గర మొదలుపెట్టి, చిటికెన వేలి వైపు ఎముక అంచును పట్టుకుని మణికట్టు దాకా రండి. మొత్తం దారంతా చర్మం కిందే గట్టి గట్టులా తగులుతుంది. వేలు అక్కడే ఉంచి అరచేతిని బోర్లించండి. ఆ ఎముక దాదాపు ఉన్నచోటే ఉంటుంది. తిరిగింది బొటనవేలి వైపు ఎముక, చేతిని తనతో తీసుకుని దీని మీదుగా అడ్డంగా వచ్చింది. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు రెండు ఎముకలూ పక్కపక్కనే, బోర్లించాక గుణకారం గుర్తులా. అందుకే బోర్లించిన ముంజేయి మణికట్టుకు పైన గుండ్రంగానూ సన్నగానూ కనిపిస్తుంది. అరచెయ్యి ముందుకు తిప్పి చెయ్యి చాపితే మోచేతి దగ్గర బయటికి కొంచెం కోణం తిరుగుతుంది, బోర్లిస్తే ఆ కోణం మాయమవుతుంది. ఇన్ని మార్పులు జరిగే చోట మీరు పైచేతికి గీసిన గొట్టం లాంటిదే ఇంకోటి గీస్తే, అది చెయ్యిలా ఎందుకుంటుంది?

మోచేతి దగ్గర మూడు బుడిపెలున్నాయి. లోపలి వైపొకటి, బయటి వైపొకటి, మధ్యలో మొన. లోపలిది బాగా పొడుచుకొస్తుంది, బయటిది కండరం చాటున కొంచెం దాగుతుంది. చెయ్యి చాపి వెనక నుంచి చూస్తే మూడూ ఒకే గీత మీద ఉంటాయి. చెయ్యి మడవండి, మొన కిందికి జారి మూడూ కలిసి త్రిభుజం అవుతుంది. మీ పాత బొమ్మల్లో ఒక ఐదు చేతులు తీసి ఈ మూడు చుక్కలూ పెట్టడానికి ప్రయత్నించండి. చుక్క పెట్టడానికి చోటే లేకపోతే ఆ మోచేయి మోచేయి కాదు, వంగిన గొట్టం. నేను ఎవరి బొమ్మ సరిచేసినా ముందు మోచేయే చూస్తాను, ముంజేయి ఎటు తిరిగిందో వేసినవాడికి తెలుసో లేదో అక్కడే తేలిపోతుంది.

ఎముక చర్మానికి దగ్గరగా వచ్చే ఇలాంటి చోట్లే మీకు అసలు ఆస్తి. లావుగా ఉన్నా సన్నగా ఉన్నా, కండలు తిరిగినా తిరగకపోయినా ఇవి ఎక్కువగా మారవు. గొంతు గుంట, కాలర్ బోన్ల రెండు చివరలు, మోచేతి బుడిపెలు, మణికట్టు మీద చిటికెన వేలి వైపు లేచే గుండ్రని గడ్డ, కటికి ముందువైపున్న రెండు మొనలు, వెనక నడుము కింద కనిపించే రెండు చిన్న సొట్టలు, తొడ పైభాగాన పక్కకు పొడుచుకొచ్చే బుడిపె, మోకాలి చిప్ప, చీలమండలు. లావుపాటి వాళ్లలో కొన్ని బుడిపెలు సొట్టలుగా మారతాయి, చుట్టూ కొవ్వు పెరుగుతుంది, ఎముక ఉన్నచోట పెరగదు కాబట్టి. పిల్లల చేతివేళ్ల కణుపుల దగ్గర సొట్టలు పడటం చూసే ఉంటారు, అదే లెక్క.

కాళ్ల విషయం తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీ ఫిర్యాదు నడుము, చేతుల గురించే. మనిషి ఎత్తులో సగం దగ్గర ఉండేది నడుము కాదు, ఇంచుమించు జననాంగం పైనుండే ఎముక. తొడ ఎముక బయటి నుంచి లోపలికి వాలుగా దిగుతుంది, మోకాలి కింద ఎముక దాదాపు నిలువుగా ఉంటుంది, పక్క నుంచి చూస్తే తొడ ముందుకు ఉబ్బి కింది కాలు వెనక్కి పోతుంది, కాబట్టి కాలును ఎటు నుంచి చూసినా తిన్నని గీత దొరకదు. స్త్రీలలో కటి వెడల్పు కాబట్టి తొడల వాలు సాధారణంగా ఇంకాస్త ఎక్కువ. చీలమండల్లో లోపలిది పైకి, బయటిది కిందికి. పిక్కలో దీనికి తలకిందులు, లోపలి వైపు కిందికి దిగి ఉంటుంది, బయటి వైపు పైనే ఆగుతుంది. నేను చాలా కాలం రెండు చీలమండల్నీ ఒకే ఎత్తులో పెట్టి, పాదం ఎందుకు కర్రకు మేకులు కొట్టినట్టుందా అని జుట్టు పీక్కునేవాణ్ని. మోకాలి చిప్పను కింది కాలి ఎముకకు కట్టేసినట్టు ఉంటుంది, మోకాలు మడిచినా ఆ రెండింటి మధ్య దూరం మారదు. ఇది గుర్తుంటే మడిచిన మోకాలు దానంతటదే వచ్చేస్తుంది.

బిగుసుకుపోవడానికి మందు మాత్రం కటి దగ్గరే ఉంది. అద్దం ముందు నిలబడి కటి ముందు మొనల మీద రెండు చూపుడువేళ్లు పెట్టండి. బరువంతా కుడి కాలి మీద వేసి ఎడమ మోకాలు వదులు చేయండి. ఎడమ వేలు కిందికి జారింది కదా? కుడి వైపు తుంటి పైకి లేచింది. ఇప్పుడు భుజాలు చూడండి, కుడి భుజం కిందికి దిగి ఉంటుంది, పడిపోకుండా శరీరం చేసుకునే సర్దుబాటు అది. వెన్ను ఆ రెండు వాలులనూ కలుపుతూ వంపు తిరుగుతుంది. గొంతు గుంట నుంచి నిలువుగా దారం వదిలితే బరువు మోసే పాదం చీలమండ దగ్గరికి వస్తుంది. ఏ బొమ్మకైనా ఈ మూడే ముందు గీయండి, భుజాల వాలు, కటి వాలు, ఆ నిలువు దారం. అర నిమిషం పని. ఇవి పెట్టాకే పెట్టెలు, పెట్టెల తర్వాతే ఎముకలు. మీరు పుర్రె నుంచి మొదలుపెట్టి ఒక్కో ఎముకా పేర్చుకుంటూ కిందికి వస్తున్నారని నా అనుమానం. అలా కడితే గోడ లేస్తుంది, మనిషి లేవడు.

సాధన ఎలా అంటారా. మీరు రోజుకు ఎంతసేపు కూర్చోగలరో రాయలేదు, గంట అనుకుంటున్నాను. మొదటి పది నిమిషాలు ఫొటోలు చూసి అర నిమిషం, నిమిషం స్కెచ్‌లు, పైన చెప్పిన మూడు గీతలతో. తర్వాత ఒకే ఒక ఫొటో తీసుకోండి, ఆటలాడేవాళ్లదో నాట్యం చేసేవాళ్లదో, ఒంటికి అతుక్కున్న బట్టల్లో ఉంటే మేలు. దాని మీద ట్రేసింగ్ పేపర్ వేసి, టాబ్లెట్ అయితే కొత్త లేయర్ తీసుకుని, ముందు ఎముక కనిపించే చుక్కలన్నీ పెట్టండి. కనిపించని చోట ఊహించి పెట్టి పక్కన ప్రశ్నార్థకం రాసుకోండి. చుక్కల ఆధారంగా మూడు పెట్టెలు, వాటి వాలు. ఆ తర్వాత లోపల అస్థిపంజరం. ఇక్కడితో ఆపేస్తే అది ట్రేసింగే, చెయ్యి అలవాటుపడుతుంది గానీ బుర్రకు ఏమీ ఎక్కదు. అసలు పని ఇప్పుడుంది, ఫొటో తీసేసి అదే పోజును ఇంకో వైపు నుంచి చూసినట్టు వేయండి, ఫొటో ముందు నుంచి ఉంటే మీరు కొంచెం పక్కగా, కొంచెం పైనుంచి. తప్పులు కుప్పలు తెప్పలుగా వస్తాయి. రానివ్వండి. ఎక్కడ ఆగిపోయారో ఆ ఎముక ఒక్కటీ పుస్తకంలోనో తిప్పి చూసే త్రీడీ మోడల్‌లోనో చూసుకుని వచ్చి మళ్లీ వేయండి. అవసరం పడి వెతుక్కున్న ఎముక మర్చిపోవడం కష్టం, వరసగా చదివిన ఎముక గుర్తుంచుకోవడం కష్టం.

త్రీడీ మోడల్ మంచిదే గానీ ఒక జాగ్రత్త. వేలితో తిప్పుతూ ఉంటే అర్థమైపోతోందన్న భ్రమ కలుగుతుంది. తిప్పకముందు ఎలా కనిపిస్తుందో గీసి, తర్వాత తిప్పి సరిచూసుకోండి. ఈ క్రమం తారుమారైతే అది కాలక్షేపం.

వారానికి ఒక రోజు అద్దం ముందు మీ సొంత శరీరాన్నే వేయండి. వేస్తూ వేస్తూ చేత్తో తడిమి చూసుకోండి, వేరే ఏ మోడల్‌తోనూ ఆ సౌకర్యం ఉండదు.

చేతివేళ్ల గురించి మీరు అడగలేదు, కానీ తర్వాతి ఉత్తరంలో అడుగుతారు కాబట్టి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపుల దగ్గరే వేళ్లు మొదలవుతాయి, అరచేతి వైపు కనిపించే సందుల దగ్గర కాదు. అందుకే ఒకే వేలు వెనక నుంచి పొడుగ్గా, అరచేతి వైపు నుంచి పొట్టిగా ఉంటుంది.

కండరాలు ఎప్పుడంటే, నేను మొదట చెప్పిన కుర్చీ మనిషి పరీక్షలో చెయ్యి ఆగకుండా చివరిదాకా వెళ్లగలిగినప్పుడు. అందంగా రానక్కర్లేదు, ఆగకుండా వస్తే చాలు. ఇటలీ పండితుడు ఆల్బర్టీ 1435లో చిత్రకళ గురించి రాస్తూ ముందు ఎముకలు, వాటి మీద కండరాలు, ఆపైన మాంసం, చర్మం అన్న వరసే చెప్పాడు, దాదాపు ఆరు వందల ఏళ్లయినా దాన్ని మార్చాల్సిన కారణం నాకు కనిపించలేదు. కండరం ఒక ఎముక దగ్గర పుట్టి ఇంకో ఎముకకు తగులుకుంటుంది, ఆ రెండు చివరలూ ఎక్కడున్నాయో తెలియకుండా మధ్యలో ఉబ్బు మాత్రం గీస్తే ఒళ్లంతా గులకరాళ్లు నింపిన సంచిలా తయారవుతుంది. నా దగ్గర అలాంటివి ఒక కట్ట ఉన్నాయి, ఎవరికీ చూపించను.

మిగిలింది మీ ఆఖరి ప్రశ్న, కనిపించింది కనిపించినట్టు వేసుకోవచ్చు కదా అని. వేసుకోవచ్చు, వేయాలి కూడా. కానీ కంటికి కనిపించేవి సవాలక్ష ఉంటాయి. మోకాలి దగ్గరే చూడండి, చిప్ప అంచు నీడ, చర్మం మడత నీడ, ప్యాంటు ముడత నీడ, ఎదుటి దీపం వల్ల పడ్డ ఇంకేదో నీడ, అన్నీ ఒకే నలుపులో ఉంటాయి. వాటిలో చిప్ప ఏదో తెలిసినవాడు దాన్ని గట్టిగా నొక్కి మిగతావాటిని తేల్చేస్తాడు, తెలియనివాడు నాలుగింటినీ సమానంగా నొక్కుతాడు. ఇద్దరూ కనిపించిందే వేశారు.

మీరు ఉత్తరంతో పంపిన మూడు బొమ్మల్లో మెట్ల మీద కూర్చున్న అమ్మాయిది బాగుంది. ఆమె ఎడమ చెయ్యి రెయిలింగ్ పట్టుకుని పైకి లేచి ఉంది, భుజం మాత్రం కుడి భుజం ఎత్తులోనే ఆగిపోయింది. కొత్త పోజులేవీ ఇప్పుడు వద్దు, ఈ వారం అదే బొమ్మ మళ్లీ వేయండి, ఈసారి ఆ చేతిని గొంతు గుంట పక్క నుంచి మొదలుపెట్టండి.